సంపెంగ మొక్క కొనే ముందు

శ్రోతలకు నమస్కారం. ఇంటి ముందు మాగ్నోలియా పెంచుకోవాలని ఉంది, ఎక్కడ దొరుకుతుందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో వచ్చే ఫొటోలే దీనికి కారణం. ఒక్క ఆకు లేకుండా కొమ్మంతా గులాబీ రంగు పూలు. చూడ్డానికి అద్భుతమే. కానీ ఆ చెట్లు పూయాలంటే ముందు గట్టి చలి తగలాలి. మన హన్మకొండలో, జనగామలో, కరీంనగర్‌లో అంత చలి ఎక్కడిది? వాటి మీద డబ్బు పెట్టొద్దనే చెప్తాను.

మనకు మాగ్నోలియా లేదని కాదు. మన సంపెంగే మాగ్నోలియా. ఇదివరకు మిచేలియా అనేవారు, ఇప్పుడు మాగ్నోలియా చంపకా అంటున్నారు. తేనెటీగలు ఇంకా పుట్టని కాలం నాటి కుటుంబం ఇది. ఇప్పటికీ ఎక్కువగా పెంకు పురుగులే ఈ పూల పుప్పొడి మోస్తాయి. పసుపు సంపెంగ, తెల్ల సంపెంగ రెండూ మన ఎండకు తట్టుకుంటాయి. ఏది మంచిదంటే నా ఓటు పసుపుకే. పొద్దున్నే ఒక్క పువ్వు దేవుడి దగ్గర పెడితే ఇల్లంతా తెలుస్తుంది.

అయితే ఏ రంగు కొన్నా, అంటు మొక్కే కొనండి. అంటే కింద గింజ మొక్క మొదలు, దానిమీద పూసే చెట్టు కొమ్మ కట్టి అతికించింది. గింజ మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటు మొక్క రెండు మూడేళ్లలో పూస్తుంది. గింజల పొట్లాలు అసలే వద్దు. ఎర్రటి గుజ్జుతో ఉన్న పచ్చి గింజే మొలుస్తుంది, ఎండితే చచ్చిపోతుంది.

కాజీపేటలో మా వదిన వాళ్లింట్లో జరిగింది చెప్తాను. అంటు మొక్కే తెచ్చి నాటింది. రెండో ఎండాకాలానికి నాలుగు పూలు పూసింది, ఆమె సంబరం అంతా ఇంతా కాదు. ఆ వానాకాలంలో మొదట్లోంచి ఒక కొమ్మ నిటారుగా లేచింది. ఆకులు పెద్దవి, పచ్చగా నిగనిగలాడుతున్నాయి. "చూడు, ఎట్ల పెరుగుతున్నదో" అని మురిసిపోయింది. తర్వాత పూత తగ్గింది, ఆపైన ఆగిపోయింది. "ఇంత ఏపుగున్నది, ఒక్క పువ్వు లేదు. కొట్టేయమంటవా?" అని అడిగింది.

ఇద్దరం కూర్చుని కాండం దగ్గర మన్ను తీశాం. జానెడు లోతున కనిపించింది అంటు కట్టిన చోటు. కొంచెం ఉబ్బి, వంకరగా, పైన బెరడు ఒక రంగు, కింద ఒక రంగు. ఆ ఏపైన కొమ్మ ఆ ఉబ్బుకు కిందినుంచి వచ్చింది. అంటే అది సంపెంగే గాని, కింది గింజ మొక్కది. బలమంతా అదే లాక్కుంటోంది, పైనున్న అసలు అంటు బక్కచిక్కిపోయింది. ఆ కొమ్మను మొదలంటా తీసేశాం, అంటు బయటికి కనిపించేదాకా మన్ను దించాం. మరుసటి ఎండాకాలం పూసింది.

అందుకే నర్సరీలో మొక్క చేతికిచ్చినప్పుడు పూలు, ఆకులు కాదు, కాండం మొదలు చూడండి. మన్ను కప్పి ఉంటే వేలితో తీసి చూడండి. ఉబ్బు కనిపించకపోతే అంటు ఎక్కడ కట్టారని అడగండి. కనిపిస్తే, ఇంట్లో నాటేటప్పుడు అది భూమికి నాలుగు వేళ్లు పైనే ఉండాలి.

నాటడానికి మృగశిర వానలు పడ్డాక మంచిది. రెండడుగుల గొయ్యి, చల్క మన్ను, బాగా చివికిన పశువుల ఎరువు చాలు. రేగడి నేలైతే గొయ్యి బదులు మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి. సంపెంగ వేర్లు మెత్తనివి, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. గోడకు కనీసం పదడుగుల దూరం ఇవ్వండి. మొదటి రెండు ఎండాకాలాలు మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోయండి. అంటు కిందినుంచి చిగురొస్తే, లేతగా ఉన్నప్పుడే చేత్తో తుంచేయండి. నమస్కారం.