విలకాజి వీధిలో ఒక పూట

శ్రోతలకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌ను ఆనుకుని సొవెటో అనే నల్లజాతివారి పేట ఉంది. అందులో విలకాజి అని ఒక వీధి. నెల్సన్ మండేలా ఇల్లు ఆ వీధిలోనే, డెస్మండ్ టూటూ ఇల్లూ ఆ వీధిలోనే. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇద్దరు ఒకే వీధివారు! చూడ్డానికి జనం బస్సుల్లో వస్తారు. మండేలా ఇంట్లోకి టికెట్టు కొంటారు, ఫొటోలు దిగుతారు, చాలామంది చీకటి పడకముందే మళ్లీ బస్సెక్కుతారు. మరి ఆ రాత్రి గది అద్దె, పొద్దుటి టిఫిను డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడుతున్నట్టు? ఇవాళ నేను చెప్పబోయేది దాని గురించే.

1913 నాటి భూమి చట్టం నల్లజాతివారికి దేశంలో 7 శాతం భూమి వదిలింది. 1936లో అది 13 శాతం దాకా పెరిగింది. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఊళ్లలో ఏ జాతివారు ఎక్కడ ఉండాలో, ఎక్కడ కొట్టు పెట్టుకోవాలో గీత గీసింది. సొవెటోలో చాలాకాలం ఎక్కువవి సర్కారు అద్దె ఇళ్లే. దస్తావేజు లేనివాడికి బ్యాంకులో అప్పు ఎలా పుడుతుందో మన కౌలురైతును అడగండి, చెబుతాడు.

వర్ణవివక్ష పోయింది గానీ, ఆ దస్తావేజుల తేడా అంత తొందరగా పోలేదు. 2018లో అక్కడి పర్యాటక శాఖ 12 కోట్ల రాండ్లతో (రాండ్ అంటే అక్కడి రూపాయి అనుకోండి) పర్యాటక పరివర్తన నిధి పెట్టింది. నల్లజాతివారికి కనీసం 51 శాతం వాటా ఉన్న వ్యాపారాలకే అది. గెస్ట్ హౌస్ కట్టాలన్నా, పెంచాలన్నా జాతీయ సాధికారత నిధి అనే సర్కారు సంస్థ ముందు పెట్టుబడి మంజూరు చేయాలి. అందులో 30 శాతం దాకా, 50 లక్షల రాండ్లు మించకుండా, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు. అప్పు భారం తగ్గుతుంది, నిజమే. కాకపోతే గ్రాంటు అప్పు వెనకాలే వస్తుంది. రెండు గదుల ఇల్లు, ఒక వంటగది ఉన్న ఆవిడ ముందు ఆ అప్పు గడప దాటాలి కదా! నన్నడిగితే ఈ పథకంలో బలహీనమైన చోటు అదే.

2020లో కరోనా వచ్చింది. చిన్న పర్యాటక వ్యాపారాలకు 20 కోట్ల రాండ్ల ఊరట నిధి పెట్టి, ఒక్కొక్కరికి 50 వేల దాకా ఇచ్చారు. ఎంపికలో నల్లజాతి సాధికారత మార్కులు కలిపేసరికి తెల్లజాతి ఆఫ్రికానర్ల తరఫున పనిచేసే ఆఫ్రిఫోరమ్, సాలిడారిటీ సంస్థలు కోర్టుకెక్కాయి. కింది కోర్టులో ఓడి, 2021లో అప్పీలు కోర్టులో గెలిచాయి. అదే ఏడాది 120 కోట్లతో మొదలైన మరో నిధినీ కోర్టు ఉత్తర్వు ఆపింది. లాక్‌డౌన్‌లో ఎవరి గది అయినా ఖాళీయే కదా అన్న వాళ్ల వాదనలో పస లేదని నేననను. కానీ వెనక నాలుగు రాళ్లు ఉన్నవాడి ఖాళీ గదీ, లేనివాడి ఖాళీ గదీ ఒకటేనా?

ఇందులో మనవాళ్ల సంగతీ ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. ఆ ఓడతో మొదలైన కూలీల వలసలో తెలుగువాళ్లూ ఉన్నారు. వ్యాపారాల్లో నల్లజాతివారి వాటా పెంచడానికి తెచ్చిన సాధికారత చట్టంలో 'నల్లజాతివారు' అంటే ఆఫ్రికన్లు, కలర్డ్‌లు (మిశ్రమ సంతతివారు), భారత సంతతివారు, ముగ్గురూ. కాబట్టి ఆ కూలీల మునిమనవరాలు అక్కడ హోమ్‌స్టే నడిపితే ముందు చెప్పిన పరివర్తన నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొన్నమొన్న హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు ఆ వీలు లేదు.

అదే డర్బన్‌లో ఏటా ఆఫ్రికా ట్రావెల్ ఇందాబా అనే పర్యాటక సంత జరుగుతుంది. పెద్ద హోటళ్ల స్టాళ్ల నడుమ 'హిడెన్ జెమ్స్' పేరుతో చిన్నవాళ్లకు సర్కారు సాయంతో చోటిస్తారు. టూర్ల కంపెనీలవాళ్లు ఆ బల్లల దగ్గరికి వచ్చి గది అద్దె అడుగుతారు, ఎన్ని మంచాలున్నాయో అడుగుతారు, బస్సు మలుపు తిరగడానికి వీధి వెడల్పు సరిపోతుందా అనీ అడుగుతారు.