గురి కుదిరితేనే కబురు చేరేది

శ్రోతలందరికీ నమస్కారం.

ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి లేజర్ కాంతితో మాట్లాడుకుంటున్నాయనే వార్త ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఆ వార్తల్లో ఎక్కువగా కనబడేది వేగం. సెకనుకు ఇన్ని గిగాబిట్లు, అన్ని గిగాబిట్లు అంటుంటారు. ఆ అంకెల గురించి నేనూ చెబుతాను. అయితే ఇందులో ఇంజనీర్లను దశాబ్దాల పాటు కష్టపెట్టింది గురి. వేల కిలోమీటర్ల అవతల పరుగెత్తుతున్న ఉపగ్రహం మీద, తానూ పరుగెత్తుతున్న ఇంకో ఉపగ్రహం సన్నని కాంతిపుంజాన్ని నిలబెట్టాలి. అదెలా వీలైందో ముందు చూద్దాం.

రేడియో తరంగాలు ఉండగా లేజర్ ఎందుకు? రేడియో తరంగాలు మొదటి నుంచీ ఉపగ్రహాలకు చక్కగా పనికొస్తున్నాయి. కానీ అక్కడ చోటు ఇరుకైపోయింది. ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ వాడుకోవాలన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల ప్రకారం జరగాలి, ఒకరి ప్రసారం ఇంకొకరికి అడ్డు రాకూడదు. లేజర్ కాంతికి అలాంటి కేటాయింపులు ఇప్పటివరకూ లేవు. పైగా ఉపగ్రహాల్లో ఎక్కువగా వాడే పరారుణ కాంతి సెకనుకు దాదాపు 193 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. ఉపగ్రహాలు వాడే రేడియో తరంగాల కంటే ఇది కొన్ని వేల రెట్లు ఎక్కువ. అందుకే అందులో ఎక్కించగల సమాచారం కూడా చాలా ఎక్కువ.

ఇంకో కారణం పుంజం వెడల్పు. ఒక సెంటీమీటరు పొడవున్న రేడియో తరంగాన్ని పది సెంటీమీటర్ల యాంటెన్నాతో పంపితే, 5,000 కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి అది సుమారు 500 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. అవతలి యాంటెన్నాకు అందేది అందులో అణువంత. అదే పది సెంటీమీటర్ల టెలిస్కోపు నుంచి లేజర్ పంపితే, అంత దూరంలోనూ దాని వెడల్పు 75 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ సమాచారం పంపగలగడానికి కారణం ఇదే. చిక్కు వచ్చిందీ ఇక్కడే.

ఆ 75 మీటర్ల వెలుగు అవతలి ఉపగ్రహం మీద పడాలి. ఆ ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. కాంతి 5,000 కిలోమీటర్లు దాటడానికి సెకనులో అరవయ్యో వంతు పడుతుంది. అంటే మన టెలిస్కోపుకు ఆ ఉపగ్రహం కనిపిస్తున్న చోటు ఇప్పటిది కాదు, సెకనులో అరవయ్యో వంతు కిందటిది. మనం పంపిన కాంతి అక్కడికి చేరడానికి మళ్లీ అంత సమయం పడుతుంది. ఈ రెండూ కలిపితే, చూపుకు అడ్డంగా వెళ్లే ఉపగ్రహం ఈలోగా సుమారు 250 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. కనిపించిన చోటికి గురిపెడితే 75 మీటర్ల పుంజం ఖాళీలోకి పోతుంది! అందుకని అది ఎక్కడ ఉండబోతోందో లెక్కగట్టి, చూపుకంటే కాస్త ముందుకు కొడతారు.

దీనికి తోడు ఉపగ్రహం ఒంట్లో వణుకు ఉంటుంది. దిశ మార్చుకోవడానికి లోపల చక్రాలు తిరుగుతుంటాయి, సోలార్ పలకల్ని సూర్యుడి వైపు తిప్పే మోటార్లు ఉంటాయి. మనకు లెక్కలోకి రాని ఆ వణుకు ఈ పుంజాన్ని గురి తప్పించడానికి చాలు. దాన్ని సరిచేసేది ఒక చిన్న అద్దం. వచ్చే కాంతి ఏ కాస్త పక్కకు జరిగినా సెన్సర్ కనిపెడుతుంది, అద్దం సెకనుకు వందలసార్లు ఒరుగుతూ దాన్ని మళ్లీ మధ్యకు తెస్తుంది. మొత్తం నెట్‌వర్క్ భారం ఆ అద్దం మీద ఉందంటే అతిశయోక్తి కాదని నా అభిప్రాయం.

మరి మొట్టమొదటిసారి రెండూ ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి? కక్ష్య లెక్కల వల్ల సుమారుగా ఎటు చూడాలో తెలుసు. ఒకటి ఆ దిక్కులో కాంతిని సుడిలా తిప్పుతూ వెతుకుతుంది. రెండోదాని కంట్లో ఒక మెరుపు పడగానే అది అటు తిరిగి బదులు కాంతి పంపుతుంది. దాన్నిబట్టి మొదటిది గురి సవరించుకుంటుంది. ఇలా ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకుంటూ చివరికి కుదురుకుంటాయి. ఆ తర్వాతే సమాచారం ప్రవహిస్తుంది.

ఇది తొలిసారి జరిగిన సందర్భం నాకు చాలా ఇష్టం. 2001 జులైలో యూరోపియన్ అంతరిక్ష సంస్థ ఆర్టెమిస్ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. రాకెట్ పైదశ సరిగా పనిచేయక అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. చేరాల్సిన ఎత్తు సుమారు 36,000 కిలోమీటర్లు. తన దగ్గరున్న ఇంధనం ఖర్చుపెట్టుకుని అది 31,000 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి నిలిచింది. అక్కడి నుంచే ఆ నవంబరులో, ఎక్కడో కింద 830 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న ఫ్రెంచి ఉపగ్రహం స్పాట్-4తో లేజర్ లింకు కలిపింది. స్పాట్ తీసిన ఫొటోలు సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో కాంతి మీద పైకి వెళ్లి, అక్కడి నుంచి రేడియోలో భూమికి దిగాయి. దారి తప్పిన ఉపగ్రహం అది. అయాన్ ఇంజన్లతో మెల్లగా జరుపుకుంటూ 2003 జనవరికి గానీ దాన్ని సొంత స్థానానికి చేర్చలేకపోయారు.

అక్కడి నుంచి వేగం బాగా పెరిగింది. 2008లో ఒక జర్మన్ ఉపగ్రహానికీ ఒక అమెరికన్ ఉపగ్రహానికీ మధ్య 5.6 గిగాబిట్లు. 2022లో నాసా పంపిన టీబర్డ్ అనే బుల్లి పరికరమైతే మరుసటి ఏడాదికి కక్ష్య నుంచి నేలకు సెకనుకు 200 గిగాబిట్లు అందుకుంది. ఐదు నిమిషాల్లోపు ఒక్క విడతలో 4.8 టెరాబైట్లు దించేసింది.

ఐదు నిమిషాల లెక్క ఎందుకంటారా? భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక గ్రౌండ్ స్టేషన్ మీదుగా దాటిపోవడానికి పది పదిహేను నిమిషాలు మించి పట్టదు. ఆ కాసేపట్లో దించగలిగినంత దించాలి, మిగిలింది మళ్లీ వచ్చేదాకా కడుపులోనే దాచుకోవాలి. వరద ముంచెత్తిన ప్రాంతాన్ని ఉపగ్రహం ఫొటో తీసింది, ఆ ఫొటో సహాయక బృందాల చేతికి గంట ఆలస్యంగా అందింది అనుకోండి. అప్పటికి నీళ్లు ఎక్కడికి పోయాయో! ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే యూరప్ 2016లో ఈడీఆర్‌ఎస్ (యూరోపియన్ డేటా రిలే సిస్టమ్) మొదలుపెట్టింది. కింద తిరిగే సెంటినెల్ ఉపగ్రహాలు ఫొటోల్ని లేజర్ మీద సెకనుకు 1.8 గిగాబిట్ల వేగంతో భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహానికి పంపుతాయి. అది ఎప్పుడూ నేల మీది స్టేషన్‌కు ఎదురుగానే ఉంటుంది కనుక ఇక ఎదురుచూపులు ఉండవు. ఈ రంగంలో జరిగిన పనులన్నింటిలో దీన్నే నేను ముందుంచుతాను.

ఇక మబ్బుల సంగతి. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లోనే సూర్యకాంతి మీద మాటను పంపాడు. ఫోటోఫోన్ అన్నాడు దాన్ని. వాషింగ్టన్‌లో ఒక బడి కప్పు మీద నుంచి ఆయన సహాయకుడు మాట్లాడితే, 213 మీటర్ల దూరంలో తన ప్రయోగశాలలో బెల్ విన్నాడు. టెలిఫోను కన్నా ఇదే గొప్పదని ఆయన నమ్మకం. కానీ మంచు కురిసినా మబ్బు పట్టినా మాట ఆగిపోయేది. ఇప్పటి లేజర్‌కూ అదే గండం. దట్టమైన మేఘాన్ని అది దాటలేదు. మబ్బు లేకపోయినా గాలిలో వేడి తేడాల వల్ల పుంజం చెదురుతుంది.

చెదిరిన కాంతిని సరిదిద్దడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే, ఆకారం మార్చుకునే అద్దాలు పనికొస్తున్నాయి. మేఘానికి మాత్రం మందు లేదు. వేరే చోట దిగడం ఒక్కటే దారి. నాసా తన లేజర్ రిలే కోసం హవాయిలో ఒకటి, కాలిఫోర్నియాలో ఒకటి పర్వతాల మీద స్టేషన్లు పెట్టుకుంది. ఇక్కడ మబ్బు పడితే అక్కడ తెరిపి ఉంటుందని. ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ అయితే పైన ఉపగ్రహానికీ ఉపగ్రహానికీ మధ్య లేజర్, చివర ఇంటికి దిగేటప్పుడు రేడియో వాడుతుంది. తెలివైన ఏర్పాటు. గాలీ మబ్బూ లేనిచోట కాంతి, ఉన్నచోట రేడియో. 2024 మొదట్లో ఆ సంస్థ ఇంజనీర్లు చెప్పిన లెక్క ప్రకారం అప్పటికే సుమారు 9,000 లేజర్లు రోజుకు 42 పెటాబైట్లు, అంటే 4.2 కోట్ల గిగాబైట్లు, మోస్తున్నాయి.

అయితే సముద్రం కింది కేబుళ్ల పని అయిపోయినట్టేనా అని కొందరు అడుగుతారు. కాలేదు. అట్లాంటిక్ కింద వేసిన ఒక్క డ్యునాంట్ కేబుల్ సామర్థ్యమే సెకనుకు 250 టెరాబిట్లు. 100 గిగాబిట్ల లేజర్ లింకులు 2,500 ఉంటే గానీ దానికి సరితూగవు. లేజర్‌కు ఉన్న మేలు వేరు. ఫైబర్ గాజులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది, శూన్యంలో మూడు లక్షలు. కనుక చాలా దూరాల్లో, పైకెక్కి దిగిన దూరం కలుపుకున్నా, కబురు ముందుగా చేరే వీలుంది. అంతకన్నా ముఖ్యం, కేబుల్ లేని చోటికీ తెగిన చోటికీ అది వెళ్లగలదు. 2022 జనవరి 15న పసిఫిక్‌లో అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగా దేశాన్ని ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగిపోయింది. బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఆ దేశస్థులు ఉపగ్రహాల ద్వారా దొరికిన కొద్దిపాటి సామర్థ్యంతోనే నెట్టుకొచ్చారు. నడిసముద్రంలో ఓడలకూ, ధ్రువ ప్రాంతాల్లో పరిశోధకులకూ దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ ఉండదు. అక్కడ ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి చేతులు మారుతూ పోయే ఈ కాంతి మార్గమే అక్కరకొస్తుంది.

నాకు టెన్షన్ కలిగించేది ఒకటుంది. ఒక సంస్థ తయారుచేసిన లేజర్ పరికరం ఇంకో సంస్థ పరికరంతో సాధారణంగా మాట్లాడుకోలేదు. కాంతి రంగు, వెతికే పద్ధతి, సంకేతాల కూర్పు ఎవరివి వాళ్లవి. ఇలాగే సాగితే ఆకాశంలో ఎవరి నెట్‌వర్క్ వాళ్లదిగా మిగులుతుంది. ఇంకో టోంగాకు సాయం కావాల్సి వస్తే అది ఒక కంపెనీ దయ మీద ఆధారపడుతుంది. అమెరికాలో రక్షణ అవసరాల కోసం ఉపగ్రహాలు సమకూర్చే స్పేస్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ లేజర్ లింకులకు ఒక ఉమ్మడి ప్రమాణం రాసి బయటపెట్టింది, వేర్వేరు తయారీదార్ల పరికరాలు దాన్నే పాటించాలంది. అంటే ఇది కుదిరే పనే. పౌర అవసరాల నెట్‌వర్కులకు కూడా అలాంటి ప్రమాణం, అన్ని దేశాలూ కూర్చుని ఒప్పుకున్నది, రావాలి. ఉపగ్రహాలు వేల సంఖ్యలో పైకి వెళ్లిపోయాక పరికరాలు మార్చడం కుదరదు గనుక, అది ఇప్పుడే రావాలి.

సెలవు, నమస్కారం.