కిటికీలోంచి తోసేయడానికి ఒక పెద్ద మాట

అక్క: నమస్కారం. ఈ వారం ఇంగ్లీషు మాట పలకాలంటే నోరు తిరగాలి. డీఫెనెస్ట్రేషన్. అర్థం నువ్వు చెప్పు తమ్ముడూ.

తమ్ముడు: మనిషినో వస్తువునో కిటికీలోంచి బయటికి విసిరేయడం. అంతే అక్కా. ఈ మాత్రం దానికి ఇంత హంగామా ఎందుకో!

అక్క: లాటిన్‌లో ఫెనెస్ట్రా అంటే కిటికీ. ముందున్న ‘డీ’ బయటికి నెట్టేస్తుంది. జర్మన్ల ఫెన్‌స్టర్ కూడా ఆ ఇంటి పిల్లే. ఇంగ్లీషు విండో మాత్రం పాత నార్స్ భాష నుంచి వచ్చింది. దానికి ‘గాలి కన్ను’ అని అర్థం.

తమ్ముడు: మన గవాక్షంలోనూ కన్ను ఉంది కదా, ఆవు కన్ను!

అక్క: ఉంది. దాని జోలికి వెళ్తే ఈ పూటకు ఇక తేలం. పద, ఇప్పటి చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్దాం. అప్పట్లో అది బొహీమియా రాజధాని. 1618 మే 23. బొహీమియా ప్రొటెస్టెంట్ ప్రభువులు మండిపడుతున్నారు. 1609లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి మతస్వేచ్ఛకు హామీపత్రం రాసిచ్చాడు. ఇప్పుడేమో తమ చర్చిలను మూయిస్తున్నారని వాళ్ల కోపం. గుంపుగా ప్రాగ్ కోటకు వెళ్లి, రాజప్రతినిధుల కచేరీలో చొరబడి నిలదీశారు. మాటా మాటా పెరిగింది. ఆ ప్రతినిధుల్లో ఒకడైన మార్తినిత్స్‌ను ఎత్తి కిటికీలోంచి పడేశారు. తర్వాత మరో ప్రతినిధి స్లావాటా వంతు. అతను కిటికీ అంచు పట్టుకుని వేలాడాడు. బాకు పిడితో వేళ్ల మీద కొట్టేసరికి పట్టు జారింది.

తమ్ముడు: మూడో మనిషి కూడా ఉన్నాడు కదా?

అక్క: ఫాబ్రిషియస్, వాళ్ల కార్యదర్శి. పాపం, అతన్నీ వదల్లేదు. ఎత్తు దాదాపు 21 మీటర్లు. అయినా ముగ్గురూ బతికి బయటపడ్డారు!

తమ్ముడు: ఎలా?

అక్క: మేరీ మాత కాపాడిందని కాథలిక్కులన్నారు. పెంటకుప్ప కాపాడిందని ప్రొటెస్టెంట్లన్నారు. ఎవరి ప్రచారం వాళ్లది. నాకు నచ్చింది ఆ తర్వాతి ముచ్చట. ఫాబ్రిషియస్‌కు ప్రభువు హోదా ఇచ్చి, ‘ఫోన్ హోహెన్‌ఫాల్’ అని బిరుదు తగిలించారు. ఎత్తు నుంచి పడినవాడని!

తమ్ముడు: పడినా పైకే వచ్చాడన్నమాట.

అక్క: దేశం మాత్రం పైకి రాలేదు. అక్కడ రాజుకున్న గొడవ ముప్పై ఏళ్ల యుద్ధంగా మారి 1648 దాకా ఐరోపాను కాల్చింది.

తమ్ముడు: అంతకుముందు కూడా ప్రాగ్‌లో ఇలా జరిగిందని చదివాను.

అక్క: 1419లో. హుస్సైట్లు, అంటే మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులు, నగర పాలకమండలి సభ్యులను టౌన్‌హాలు కిటికీల నుంచి తోసేశారు. అప్పుడు పెంటకుప్పలు లేవు, కింద ఆయుధాలు పట్టుకున్న జనం ఉన్నారు. ఎవరూ బతకలేదు.

తమ్ముడు: ఇప్పుడు ఈ మాటను రాజకీయ వార్తల్లోనే ఎక్కువగా చూస్తున్నాను. పార్టీ నాయకుణ్ణి దించేస్తే చాలు, డీఫెనెస్ట్రేషన్ అంటున్నారు.

అక్క: ఆ వాడుక తప్పు కాదు. కానీ పొదుపుగా వాడాలి. పదవీకాలం ముగిసి ఇంటికెళ్లినవాడికీ, ఎన్నికల్లో ఓడినవాడికీ ఇది అతకదు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్లే పొద్దున్నే లేచి తోసేయాలి. ఆ హఠాత్తు, ఆ మొరటుదనం లేకపోతే ‘తొలగించారు’ అంటే సరిపోతుంది.

తమ్ముడు: కంప్యూటర్ వాళ్ల చమత్కారం ఒకటుంది. విండోస్ తీసేసి మరో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడాన్ని కూడా ఇలాగే అంటారు.

అక్క: మొదటిసారి నవ్వొస్తుంది. సరే, అసలు చిక్కు వేరే ఉంది. కాలు జారి కిటికీలోంచి పడ్డవాడికి ఈ మాట వాడొచ్చా?

తమ్ముడు: కూడదనుకుంటాను. తోసినవాడెవరో ఉండాలిగా?

అక్క: సాధారణంగా ఉండాలి. తనంతట తానే దూకితే ముందు ‘ఆటో’ చేర్చి ఆటోడీఫెనెస్ట్రేషన్ అంటారు. అందుకే మళ్లీ ప్రాగ్‌లోనే ఒకచోట కలం తడబడుతుంది. 1948 మార్చి 10న చెకోస్లోవాకియా విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ మృతదేహం చెర్నిన్ భవనంలో, ఆయన స్నానాలగది కిటికీ కింద కనిపించింది. అంతకు కొద్దివారాల ముందే కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. ఆత్మహత్య అని ప్రభుత్వం ప్రకటించింది. హత్య అని చాలామంది నమ్మారు. తర్వాత ఎన్ని విచారణలు జరిగినా వివాదం సమసిపోలేదు.

తమ్ముడు: అయినా దాన్ని ప్రాగ్ డీఫెనెస్ట్రేషన్ల జాబితాలో చేర్చేవాళ్లున్నారు.

అక్క: ఉన్నారు. అలా చేర్చినవాళ్లు ఆయన్ను ఎవరో తోశారని ముందే తేల్చేసినట్టు.