కాలేయానికి వయసు లెక్కలు పనికిరావు

శ్రోతలందరికీ నమస్కారం.

కాలేయ జబ్బుల వార్డులో పనిచేసేవాళ్ల చెవిన రెండు మాటలు తరచూ పడుతుంటాయి. ముప్పై రెండేళ్ల కుర్రవాడిని పచ్చబారిన కళ్లతో తీసుకొచ్చిన స్నేహితుడు అంటాడు: “వయసులో ఉన్నాడు కదా డాక్టరుగారూ, తట్టుకుంటాడు లెండి.” పక్క మంచం మీది డెబ్బై ఏళ్ల పెద్దాయన తన సంగతి తానే తేల్చేస్తాడు: “ఈ వయసులో తాగుడు మానేసి నేను బావుకునేదేముంది బాబూ?” మొదటి మాటలో ధీమా, రెండో మాటలో నిరాశ. రెండూ వయసును చూసి వేసిన లెక్కలే, రెండూ తప్పు లెక్కలే. ఇవాళ ఆ రెండు మాటలకూ జవాబు చెప్పాలని వచ్చాను.

ముందు కొలత సంగతి చూద్దాం. “రోజుకు ఒక్క క్వార్టరేనండీ” అని చాలామంది తేలిగ్గా చెబుతారు. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు దాదాపు 43 శాతం ఉంటుంది. లెక్క కడితే ఆ సీసాలో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాలు ఉన్నట్టు. రోజూ అంతకు మించి తాగే మగవారిలో నూటికి తొంభై మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అంటే “ఒక్క క్వార్టరే” అన్న మనిషి సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉన్నాడు. “నేను బీరు తప్ప ముట్టను” అనేవారి సంగతి ఇంకా విచిత్రం. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఆల్కహాలుంటే, ఒక్క సీసాలో 40 గ్రాములు పోతాయి. అది రెండు పెద్ద పెగ్గులతో సమానం. రెండు సీసాలు తాగినవాడు క్వార్టరు తాగినవాడిని దాటిపోయాడు. ఆడవారి శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి ఇంతకంటే చాలా తక్కువ మోతాదుతోనే, తక్కువ ఏళ్లలోనే కాలేయం దెబ్బతింటుంది. ఇంట్లో గుట్టుగా తాగే ఆడవాళ్లు డాక్టరు దగ్గరకు ఆలస్యంగా రావడానికి సిగ్గే పెద్ద కారణం. మగవాడు తాగితే అలవాటు, ఆడది తాగితే అప్రతిష్ఠ అనుకునే సమాజం ఈ పాపంలో వాటా పంచుకోవాలి.

2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 23 శాతం. తాగేవారందరూ వ్యసనపరులు కారు. పొద్దున లేవగానే చేతులు వణకడం, ఒక గుక్క పడితే తప్ప ఆ వణుకు తగ్గకపోవడం, ఇంతతో ఆపుదామనుకుని ఆపలేకపోవడం, పనులూ మనుషులూ వెనక్కి పోయి సీసా ముందుకు రావడం, ఇవీ వ్యసనం గుర్తులు. అది జబ్బు. చెడు బుద్ధి అనో, మనసు గట్టిది కాకపోవడం అనో కొట్టిపారేస్తే చికిత్స దాకా ఎవరూ రారు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన జాతీయ నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో చికిత్స అందింది.

ఇక కుర్రవాడి సంగతి. కాలేయానికి సహనం ఎక్కువ. అదే దాని గొప్పతనం, అదే మన కొంపముంచేది కూడా. కొవ్వు పట్టినా నొప్పి ఉండదు. ఆ తర్వాత వాపు, మచ్చలు, చివరికి గట్టిపడి గడ్డలు కట్టే సిరోసిస్. ఇందులో చాలా దూరం మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. ఆఫీసుకు వెళతాడు, ఆదివారం క్రికెట్ ఆడతాడు. కానీ వారమంతా ఆగి శనివారం రాత్రి ఒక్కసారిగా తాగే అలవాటు ఉన్నవాడైనా, రోజూ తాగేవాడైనా, పొట్ట పెరిగి సుగరు మొదలైందంటే కథ వేగం అందుకుంటుంది. ఒళ్లు బరువు, మద్యం, ఈ రెండూ కలిస్తే కాలేయానికి జరిగే నష్టం కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. మన యువతలో ఈ జంట చాలా ఎక్కువగా కనిపిస్తోంది. దీనికి హెపటైటిస్ బి, సి వైరస్‌లు తోడైతే ఇక చెప్పేదేముంది?

కుర్రవాళ్లను ఉన్నట్టుండి పడేసేది ఆల్కహాలిక్ హెపటైటిస్. రెండు మూడు వారాల్లో కళ్లు పచ్చబడతాయి, జ్వరం వస్తుంది, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆకలి చచ్చిపోతుంది. తీవ్రమైన రకం అయితే మూడు నెలల్లో దాదాపు 30 శాతం మంది చనిపోతారు. ముప్పై రెండేళ్లవాడికైనా ఆ ప్రమాదం ఉంటుంది. చాలామందిలో ఆ వాపు కింద అప్పటికే సిరోసిస్ దాగి ఉంటుంది. “నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ” అని తల్లి ఏడుస్తుంది. నిన్నటిదాకా బాగున్నది మనిషి, కాలేయం కాదు.

ఇక్కడే మన ఊళ్లలో ఇంకో ప్రమాదం జరుగుతుంది. కామెర్లు అనగానే పసరు మందు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. అదే నమ్మకంతో తాగుడు వల్ల కామెర్లు వచ్చినవాడిని తీసుకెళ్లి పసరు పోయించి, చేతి మీద వాత పెట్టించి, ఉప్పూ పప్పూ లేని పథ్యం పెడతారు. చికిత్సకు అక్కరకొచ్చే మొదటి రెండు వారాలూ అలా గడిచిపోతాయి. పచ్చదనం దిగక, పొట్ట ఉబ్బి, మత్తులోకి జారాక ఆసుపత్రికి పరుగు. పసరు ఇచ్చే పెద్దమనిషి మోసగాడని నేను అనడం లేదు. ఆయన చూసిన కామెర్లు వేరు, ఇవి వేరు.

రక్త పరీక్షల గురించి కూడా ఒక మాట. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే రెండు ఎంజైములున్నాయి, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అని. ఆ కాగితం పట్టుకుని “నూట ఇరవయ్యే కదా, మా బావమరిదికి వెయ్యి దాటింది, బతికే ఉన్నాడు” అనేవాళ్లున్నారు. వైరస్ కామెర్లలో ఆ అంకెలు వేలల్లోకి పోతాయి. మద్యం వల్ల వచ్చే జబ్బులో మాత్రం సాధారణంగా మూడు వందలు దాటవు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా. ఎస్‌జీఓటీ రెండో దానికంటే రెట్టింపు ఉండటం ఇక్కడ అసలు గుర్తు. ముదిరిన సిరోసిస్‌లో రెండూ మామూలుగా కనిపించవచ్చు. కాబట్టి ప్లేట్‌లెట్లు, కాలేయం తయారుచేసే అల్బుమిన్ అనే ప్రొటీను, రక్తం గడ్డకట్టే సమయం కూడా చూడాలి. కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పే ఫైబ్రోస్కాన్ సూదీ మందూ లేకుండా పది నిమిషాల్లో అయిపోతుంది. మామూలు రక్త పరీక్షలతోనే మచ్చల ముప్పు అంచనా వేసే ఒక సూత్రం ఉంది, ఫిబ్-4 అంటారు. దానిలో వయసు కూడా ఒక అంకె. అందుకే 65 దాటినవారికి దాని గీత వేరుగా పెట్టారు, 35 లోపువారి విషయంలో దాన్ని అంతగా నమ్మరు. వయసు ముఖ్యం కాదని నేను అనడం లేదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. దాన్ని సాకుగా వాడుకోవద్దంటున్నాను, అంతే.

ఇప్పుడు పెద్దాయన దగ్గరకు వద్దాం. వయసు పైబడేకొద్దీ కాలేయం పరిమాణం 20 నుంచి 40 శాతం వరకు తగ్గుతుంది, దానికి చేరే రక్తం కూడా మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది. నలభై ఏళ్లప్పుడు తాగిన అదే క్వార్టరు డెబ్బైలో రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది. “ముప్పై ఏళ్లుగా ఇంతే తాగుతున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు” అనే మాట నిజమే కావచ్చు, కానీ ఇంతే అన్నది ఇప్పుడు ఇంతే కాదు. పైగా బీపీ మాత్ర, సుగరు మాత్ర, నిద్ర మాత్ర, గుండెకు రక్తం పలచబరిచే మాత్ర, అన్నీ ఆ కాలేయం మీదుగానో, దాని పక్కనుంచో వెళ్లాల్సినవే. సుగరు మాత్ర వేసుకుని, తిండి మాని తాగి పడుకున్న మనిషికి తెల్లవారుజామున రక్తంలో చక్కెర పడిపోతే, చూసినవాళ్లు తాగి పడి ఉన్నాడనుకుంటారు. లేపరు.

మోకాళ్ల నొప్పుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దవాళ్లు మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్ లాంటివి, సిరోసిస్ ఉన్నవారికి విషంతో సమానం. మూత్రపిండాలు మొరాయిస్తాయి, కడుపులో రక్తస్రావం అవుతుంది. చిత్రంగా అందరూ భయపడే పారాసెటమాలే, డాక్టరు సలహాతో రోజుకు రెండు గ్రాములు దాటకుండా వాడితే, వాటికంటే నయం.

పెద్దవయసులో సిరోసిస్ తెచ్చే మార్పులను ఇంట్లోవాళ్లు వృద్ధాప్యం ఖాతాలో రాసేస్తారు. భుజాల ఎముకలు బయటపడుతుంటాయి, తొడల కండ కరిగిపోతుంది, అయినా మొలతాడు బిగుసుకుని నడుముకు గీత పడుతుంటుంది. చిక్కిపోయే మనిషికి మొలతాడు వదులు కావాలి కదా! బిగుసుకుంటోందంటే పొట్టలో నీరు చేరుతోందని అర్థం. ఇంకొకటి, పగలంతా కునుకుపాట్లు, రాత్రంతా మెలకువ. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఇంకో కాజాలో పెట్టుకోవడం, అడిగిందే అడగడం. ఇంట్లో “చాదస్తం ఎక్కువైంది” అంటారు. చేతులు రెండూ చాచి, అరచేతులు పైకెత్తి, ‘ఆగు’ అన్నట్టు పట్టుకోమనండి. మణికట్లు ఉండుండి కిందికి పడిలేస్తుంటే, అది కాలేయం వడకట్టలేని విషాలు మెదడుకు చేరుతున్నాయనడానికి గుర్తు. మలబద్ధకంతో అది ముదురుతుంది. రోజుకు రెండు మూడు సార్లు విరేచనం అయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తే కొద్ది రోజుల్లో మనిషి మళ్లీ మనలోకి వస్తాడు. చాదస్తం అనుకుని వదిలేసిన మనిషి వారం తిరక్కుండా మనవడికి లెక్కలు చెప్పే స్థితికి వస్తాడు. ఇంతకంటే తృప్తినిచ్చే చికిత్సలు మా దగ్గర తక్కువ.

రక్తవాంతులు ఎందుకవుతాయో కూడా చెబుతాను. పేగుల నుంచి రక్తమంతా కాలేయంలోంచే పోవాలి. అది గట్టిపడితే, అడ్డుకట్ట పడిన కాలువ నీళ్లు పక్క బోదెల్లోకి ఎగదన్నినట్టు, రక్తం అన్నవాహికలోని సన్నని సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి ఒకరోజు చిట్లుతాయి. సిరోసిస్ అని తేలినవారికి ఎండోస్కోపీ చేసి, ఉబ్బిన సిరలు కనబడితే ముందే రబ్బరు బ్యాండ్లు వేసేది అందుకే.

మరి “మానేసి బావుకునేదేముంది” అన్న ప్రశ్నకు జవాబు? కొవ్వు దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే కాలేయం శుభ్రపడుతుంది. సిరోసిస్ వచ్చాక మచ్చలు పూర్తిగా పోకపోవచ్చు, అయినా ఆయుష్షు మారుతుంది. 1968లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు చూపిన లెక్కల్లో, సిరోసిస్ వచ్చాక మానినవారిలో ఐదేళ్ల తర్వాత 63 శాతం మంది బతికి ఉన్నారు. మాననివారిలో 40 శాతం. ఇప్పుడున్న మందులు, ఎండోస్కోపీ సౌకర్యాలు అప్పుడు లేవు. అన్నట్టు, ఉద్యోగ విరమణ తర్వాతో, భార్య పోయాకో ఒంటరితనంతో తాగుడు మొదలుపెట్టిన పెద్దవాళ్లు చికిత్సకు బాగా స్పందిస్తారు. వాళ్లకు కావలసినది సాయంత్రం పూట మాట్లాడే మనిషి. ఇది మందుల చీటీలో రాయడం కుదరదు.

ఇక మానడం ఎలా? రోజూ తాగేవాళ్లు ఇంట్లో తలుపులు వేసుకుని, దేవుడి మీద ఒట్టు పెట్టుకుని, ఒక్కసారిగా మానకూడదు. మానిన ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, వినిపించడం, ఒళ్లు తెలియని కలవరం. పెద్దవాళ్లలో ఈ కలవరం ఎక్కువ కాలం ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరుస కట్టినవారంతా ఇలాంటివారే. ఇది డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతో సాఫీగా దాటించవచ్చు. కాలేయం దెబ్బతిన్నవారికి, వయసు మళ్లినవారికి ఇచ్చే మాత్ర వేరు, మోతాదు వేరు. బి1 విటమిన్ ఇంజెక్షన్ తప్పనిసరి, గ్లూకోజు సీసా ఎక్కించేముందే. లేకపోతే మతిమరుపు శాశ్వతంగా మిగిలే ప్రమాదముంది.

ఇల్లాళ్లకు ఒక విన్నపం. తాగుడు మాన్పిస్తామంటూ ఎవరో ఇచ్చే పొడులూ మాత్రలూ ఆయనకు తెలియకుండా పప్పులోనో చారులోనో కలపకండి. వాటిలో చాలాసార్లు డైసల్ఫిరామ్ ఉంటుంది. అది కడుపులో ఉండగా తాగితే ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న పెద్దాయన ప్రాణమే పోవచ్చు. కాలేయాన్ని కూడా అది సొంతంగా దెబ్బతీయగలదు. సిరోసిస్ ఉన్నవారికి తాగాలనే తపన తగ్గించడానికి బాక్లోఫెన్ లాంటి వేరే మందులున్నాయి, అవి కూడా మూత్రపిండాల పనితీరు చూసి ఇవ్వాల్సినవి.

తిండి విషయంలో పథ్యం పేరుతో పస్తు పెట్టకండి. సిరోసిస్ రోగికి పప్పు, గుడ్డు, పాలు, పెరుగు మామూలు మనిషికంటే ఎక్కువ కావాలి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి, లేకపోతే నిద్రలో ఒళ్లు తన కండనే తింటుంది. పొట్టలో నీరు ఉంటే తగ్గించాల్సింది ఉప్పు. అంటే ఆవకాయ, అప్పడం, వడియం, ఎండుచేప.

సలహా కోసం మత్తు వదిలించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రల అట్టలన్నీ, పసరు పొడి పొట్లంతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఎంత తాగుతారని అడిగితే పెగ్గుల్లో కాదు, సీసాల్లో చెప్పండి. నమస్కారం.