గోడకెక్కిన చెక్క అక్షరాలు

అందరికీ నమస్కారం. ఈమధ్య మిల్వాకీలో మనవాళ్ళ గృహప్రవేశాలకి వెళ్తే హాల్లో ఒక దృశ్యం తరచూ కనిపిస్తోంది. భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరాలు రెండు, పాత చెక్కవి, మధ్యలో ‘అండ్’ అని చెప్పే ఆంపర్సాండ్ (&) గుర్తు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే కొనేముందు ఒక్క నిమిషం ఆగుతారని నా ఆశ.

మా నాన్నగారు ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. తిరగేసిన అక్షరాల్ని మామూలు పేపర్ చదివినంత తేలిగ్గా చదివేసేవారు, అందుకే గోడ మీద అద్దంలో బొమ్మలా తిరగబడ్డ ఆర్ కనిపిస్తే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. అది బొమ్మ కాదు, పోస్టర్లు అచ్చువేసే పనిముట్టు.

సర్కస్, నాటకం, వేలంపాట, ఏదైనా సరే, వీధి అవతలి మనిషికి కనపడాలంటే అక్షరం అరచేతి కంటే పెద్దది కావాలి. అంత పెద్ద అక్షరాన్ని సీసంతో పోత పోస్తే బరువెక్కువ, ఖరీదెక్కువ, పైగా చల్లారేటప్పుడు వంకర పోయేది. 1827లో న్యూయార్క్‌లో డారియస్ వెల్స్ రూటర్ అనే యంత్రంతో చెక్కని త్వరగా కోసే పద్ధతి కనిపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్, అంటే నమూనా గీతని పెద్దదిగానో చిన్నదిగానో నకలు తీసే చట్రం, తగిలించాడు, దాంతో ఒకే నమూనా నుంచి కావలసిన సైజులన్నీ కోసుకోవచ్చు. ఇక 1880లో మా విస్కాన్సిన్‌లోనే, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న టూ రివర్స్‌లో జె.ఇ. హామిల్టన్ చౌకగా అక్షరాలు చేయడం మొదలుపెట్టి, పోటీ కంపెనీల్ని ఒక్కొక్కటిగా కొనేశాడు. 1999లో మొదలైన హామిల్టన్ మ్యూజియం ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంది, 15 లక్షల చెక్క అక్షరాలు దాచారు. ఇక్కడినుంచి రెండు గంటల్లోపే డ్రైవ్, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.

ఇప్పుడు నా బాధ చెప్తాను. పాత ప్రెస్సు మూతపడితే అక్షరాల సెట్టుని సెట్టుగా అమ్మితే కొనేవాళ్ళు తక్కువ, విడివిడిగా అమ్మితే ఎగబడి కొంటారు, అందులోనూ ఆంపర్సాండ్ ముందు పోతుంది, ఎందుకంటే సెట్టులో అవి ఎక్కువ ఉండవు. ఇంగ్లీషు ‘ఏ’ (A) కూడా అంతే, చిన్న సెట్టులో మూడే ‘ఏ’లు ఉండొచ్చు. చాలా కంపెనీలు తమ పేరు ముద్ర ఆ పెద్ద ‘ఏ’ చెక్క పక్క భాగం మీదే కొట్టేవి. అనిత అనో అరుణ్ అనో పేరున్నవాళ్ళ గోడకి ఆ ‘ఏ’ ఎక్కేసిందనుకోండి, మిగిలిన సెట్టు ఎవరు చేశారో తేల్చడం గగనం, దాంతో పోస్టర్ వెయ్యడమూ కుదరదు. వందేళ్ళు కలిసి బతికిన కుటుంబాన్ని చెట్టుకొకరు పుట్టకొకరు చేసినట్టే కదా ఇది!

గోడకి కావాలంటే అక్షరాలు వద్దు, వాటితో అచ్చువేసిన పోస్టర్ కొనండి. నాష్‌విల్‌లో హాచ్ షో ప్రింట్ 1879 నుంచీ ఉంది, ఈరోజుకీ చెక్క అక్షరాలతోనే అచ్చువేస్తున్నారు. దగ్గరగా చూస్తే సిరా అంటని చిన్న గీత ఒకటి కనిపిస్తుంది, ఎప్పుడో ఎవరి చేతిలోంచో జారిపడి చెక్కకి తగిలిన దెబ్బ అది. నాకైతే పోస్టర్ మొత్తంలో అదే ప్రాణం.

చెక్కే కావాలంటారా, సరే, జత లేని ఒంటరి అక్షరాలు దొరుకుతాయి, అవి తీసుకోండి. నకిలీలతో మాత్రం జాగ్రత్త, నేను ఆన్‌లైన్లో ఒకసారి మోసపోయాను. అసలుది గట్టి మేపుల్ కర్రని అడ్డంగా కోసి చేస్తారు, కాబట్టి అచ్చుపడే ముఖం మీద పొడుగాటి చారలు ఉండవు. ఎత్తు 0.918 అంగుళం ఉండాలి, సీసం అక్షరాల ఎత్తూ అంతే, లేకపోతే రెండూ కలిపి అచ్చువెయ్యలేరు. నాకు వచ్చినదానికి ముఖమంతా చారలే, ఎత్తు అరంగుళం.

ఇదిగో, ఈ బల్ల మీద రెండూ పెట్టాను, అసలుదీ నకిలీదీ. చేతులు మారుస్తూ చూడండి. అసలుది ముక్కు దగ్గర పెట్టుకుంటే సిరా వాసన ఇంకా వస్తుంది.