నల్ల తెర డెబియన్: మామ పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కిద్దాం

[బల్ల మీద మూత పగిలిన పాత ల్యాప్‌టాప్. వెనక నుంచి అనంతపురం బజారు రొద.]

ఇది మా మామది. శనక్కాయల మండీ లెక్కలు ఏళ్ల తరబడి దీంట్లోనే రాశాడు. ఇప్పుడు విండోస్ తెరుచుకునేలోపు ఒక ప్లేటు ఉగ్గాని తినేసి రావచ్చు. "గుజిరీకి వేసేద్దాం అల్లుడూ" అన్నాడు. రెండు జీబీ ర్యామ్ ఉంది, ప్రాసెసర్ 64 బిట్‌ది. పారేసేంత పాతదేం కాదు. దీంట్లో విండోస్ తీసేసి డెబియన్ అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నా, అదీ డెస్క్‌టాప్ లేకుండా. ఐకాన్లు ఉండవు, మౌస్‌తో పని ఉండదు. ఇంట్లో ఒక మూలన పడేస్తే బిల్లుల కాపీలు దాచే సర్వర్ అవుతుంది.

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు.

ముందు మీ ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. అందరూ దాటేసేది ఇదే. మామ లెక్కలైతే నేను రెండు చోట్ల పెట్టాను.

[తెర మీద: డెబియన్ సైట్, నెట్‌ఇన్‌స్ట్ ఫైల్]

నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైల్) దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, అందుకని పెళ్లి ఫొటోల డ్రైవ్ వాడకండి. ఒక మాట: డెబియన్ 13 నుంచి 32 బిట్ మెషిన్లకు ఇన్‌స్టాలర్ రావడం లేదు. కోర్ టు డుయో అయితే టెన్షన్ లేదు, అది 64 బిట్‌దే.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

[తెర మీద: ఇన్‌స్టాలర్ మొదటి మెనూ]

గ్రాఫికల్ ఇన్‌స్టాల్‌లోకి వెళ్తే భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. చూస్తే ముచ్చటేస్తుంది. అయినా ఈ పనికి ఇంగ్లిష్ ఎంచుకోండి. లైనక్స్ నల్ల తెర ఫాంటులో 512 గుర్తులకు మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ అతికించి చూపే ఏర్పాటు అసలే లేదు. తెలుగు ఎంచుకుంటే తర్వాత డబ్బాలు, ప్రశ్నార్థకాలు చూస్తూ కూర్చోవాలి. దేశం ఇండియా, కీబోర్డ్ అమెరికన్ ఇంగ్లిష్. నెట్‌కు వీలైతే లాన్ కేబులే పెట్టండి.

రూట్ (మెషిన్ మీద సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ అడిగే చోట కాసేపు ఆగాలి. ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్లండి. అలా వదిలితే సుడో, అంటే రూట్ అధికారంతో పని చేయించే కమాండ్, దానంతటదే ఎక్కుతుంది, మీరు పెట్టే మొదటి యూజర్‌కు ఆ అధికారం వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ పెట్టేస్తే, తీరా పని మొదలుపెట్టినప్పుడు సుడో అనే కమాండే లేదంటుంది. నేను మొదటిసారి దీని మీదే ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

[తెర మీద: డిస్కుల జాబితా. హార్డ్ డిస్క్ చుట్టూ ఎర్ర గీత]

ఇక అసలు ఘట్టం. 'గైడెడ్, యూజ్ ఎంటైర్ డిస్క్' ఎంచుకోగానే డిస్కుల పేర్లు వస్తాయి. ఎస్‌డీఏ అంటే హార్డ్ డిస్కే అని గుడ్డిగా నమ్మొద్దు, ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌కే ఆ పేరు పడుతుంది. సైజు చూసి గుర్తుపట్టండి. మామ డిస్క్ 320 జీబీ, నా పెన్‌డ్రైవ్ 16 జీబీ, పొరబడే ప్రమాదం లేదు. తర్వాత అన్నీ ఒకే పార్టిషన్‌లో అని చెప్పండి. చివరికి మార్పులు డిస్క్ మీద రాయమంటారా అని అడుగుతుంది. గమనించండి, అక్కడ కర్సర్ 'నో' మీద ఉంటుంది. మీరు 'ఎస్' అనేదాకా డిస్క్ మీద ఒక్క అక్షరం మారదు. అనుమానముంటే ఇక్కడే వెనక్కి వెళ్లిపోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, కరెంటు పోని వేళ చూసుకుని మరీ మొదలుపెట్టండి.

[తెర మీద: సాఫ్ట్‌వేర్ ఎంపిక]

కాసేపటికి ఈ పేజీ వస్తుంది. డెబియన్ డెస్క్‌టాప్, గ్నోమ్ (అదీ ఒక డెస్క్‌టాపే) రెండిటికీ ముందే టిక్ ఉంటుంది. వాటిని తీసేయండి. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు (వేరే కంప్యూటర్ నుంచి దీంట్లోకి లాగిన్ కావడానికి) టిక్ పెట్టండి, స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్ అలాగే ఉండనివ్వండి. టిక్ తీయడానికి, పెట్టడానికి స్పేస్ బార్. ఎంటర్ కొట్టారంటే ముందుకు వెళ్లిపోతుంది! మా చిన్నాన్న కొడుకు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఎంటర్ కొట్టేశాడు. గ్నోమ్ మొత్తం దిగడం మొదలై, వాడి ఆ రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయింది.

పాత బయాస్ మెషిన్ అయితే గ్రబ్ (ఆన్ చేయగానే డెబియన్‌ను లేపే ప్రోగ్రామ్) ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. హార్డ్ డిస్కే చూపించండి, పెన్‌డ్రైవ్ కాదు. ఇక పెన్‌డ్రైవ్ తీసేసి రీబూట్.

[తెర మీద: నల్ల తెర, లాగిన్ అనే పదం, మినుకుమినుకుమనే గీత]

యూజర్ పేరు కొట్టండి, తర్వాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు. కీబోర్డ్ పాడైందేమో అనుకుంటారు చాలామంది. కాలేదు, మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి.

సాఫ్ట్‌వేర్ తాజా చేయడానికి మొదట 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్'. 'ఐపీ ఏ' అని కొడితే మెషిన్ అడ్రస్ కనిపిస్తుంది, రాసి పెట్టుకోండి. అదే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ఆ అడ్రస్‌కు లాగిన్ కావచ్చు.

ల్యాప్‌టాప్‌కు ఒక తలనొప్పి మిగిలింది. మూత వేస్తే నిద్రలోకి జారుకుంటుంది. ఈటీసీలో సిస్టమ్‌డీ ఫోల్డర్ కింద లాగిన్‌డీ డాట్ కాన్ఫ్ ఫైల్‌ను సుడో పెట్టి నానో అనే ఎడిటర్‌తో తెరిచి, హ్యాండిల్ లిడ్ స్విచ్ విలువను ఇగ్నోర్ అని మార్చండి. లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయండి. సేవ్ చేసి మళ్లీ రీబూట్.

[మూత వేసిన ల్యాప్‌టాప్. పక్కన లాన్ లైటు మిణుకుమంటోంది.]

మామ వచ్చి చూశాడు. "ఆపేసినావా అల్లుడూ?"

లేదు మామా, నీ లెక్కలు కాపీ అవుతున్నాయి.