నొప్పి ముదరకముందే మాత్ర

అక్కలకు, చెల్లెళ్లకు, వాళ్ల వెంట వచ్చిన అమ్మలకు, అత్తలకు నమస్కారం.

తిరుపతిలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. సిజేరియన్ అయిన సాయంత్రం వార్డుకు వెళ్తే నేను ముందు చూసేది తల్లి చేతులు. దుప్పటి అంచును పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంటే నొప్పి మొదలైనట్టే. "ఎలా ఉందమ్మా?" అంటే మాత్రం "పర్లేదు మేడం" అంటుంది. ఆ "పర్లేదు" గురించే మాట్లాడాలని వచ్చాను.

ఆపరేషన్‌కు ముందు నడుము దగ్గర సన్నటి సూదితో వెన్నులోని నీటిలోకి బుపివకెయిన్ అనే మందు ఎక్కిస్తాం. సుమారు 2 మిల్లీలీటర్లు, అంతే. రొమ్ముల కింది నుంచి కాళ్ల దాకా మొద్దుబారిపోతుంది, తల్లి మాత్రం మెలకువగా ఉండి బిడ్డ ఏడుపు వింటుంది. రెండు మూడు గంటలకు కాలివేళ్లు కదలడం మొదలవుతుంది. ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు, నాకు మాత్రం అప్పుడే టెన్షన్. మత్తు దిగుతోందంటే కోత నొప్పి తెలియబోతోందన్నమాట. అప్పటికే ఒంట్లో వేరే మందు పనిచేస్తూ ఉండాలి.

కొందరికి ఆ వెన్ను సూదిలోనే చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ అనే నొప్పి మందు కలుపుతాం. 12 నుంచి 24 గంటల దాకా ఉపశమనం ఉంటుంది. ఒళ్లు దురద పెట్టొచ్చు, వికారం రావొచ్చు, చెబితే దానికీ మందు ఉంది. ఆపైన పారాసిటమాల్, దాంతోపాటు డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రొఫెన్. రెండూ వేరువేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి ఇస్తే ఒక్కదానికంటే బాగా పట్టు దొరుకుతుంది. పారాసిటమాల్ గ్రాము చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు 4 గ్రాములు దాటకూడదు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉంటే రెండో రకం మాత్రకు ముందే డాక్టరుకు చెప్పాలి.

మాత్ర గడియారం చూసి వేసుకోవాలి. ముదిరిన నొప్పిని దించడం చాలా కష్టం.

పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి దిండు కింద నాలుగు మాత్రలు దొరికాయి. పాలల్లోకి దిగి బిడ్డకు తగులుతాయని అత్త వద్దందట. ఆవిడ మనవరాలి మీద ప్రేమతోనే అంది, తప్పు పట్టలేను. కానీ ఈ మాత్రలు పాలల్లోకి వెళ్లేది చాలా స్వల్పం, పాలిచ్చే తల్లి నిశ్చింతగా వేసుకోవచ్చు. నొప్పితో ఆ అమ్మాయి బిడ్డను ఒళ్లోకే తీసుకోలేకపోయింది. అసలు నష్టం అక్కడ జరిగింది. అయితే ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు సొంతంగా కొని వేసుకోకండి, అవి బిడ్డకు మగత తెప్పించగలవు.

"వెన్నుకు సూది వేశారు, ఇక జన్మంతా నడుము నొప్పే" అనే మాట ప్రతి ఊళ్లోనూ వింటాను. సూది పడిన చోట కొద్ది రోజులు సలుపు ఉండొచ్చు. నెలల తరబడి ఉండే నడుము నొప్పికి గర్భంతో వదులైన కీళ్లు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం కారణాలు. సూది వల్ల వచ్చేది వేరే ఉంది. కూర్చుంటే తల పగిలిపోతున్నట్టుండి, పడుకోగానే తగ్గే తలనొప్పి. అది వస్తే ఓర్చుకోవద్దు, మత్తు డాక్టరును పిలిపించండి.

ఇంకో మాట. పొట్ట పెరుగుతుందని బాలింతకు నీళ్లు కొలిచి ఇస్తారు. దాంతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. నీళ్లు కావలసినన్ని తాగనివ్వండి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా ఒక పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేత్తో మంచాన్ని నొక్కుతూ లేవాలి. దగ్గు వచ్చినా, ఇంటికెళ్లే ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కినా పొట్టకు దిండు అదిమి పట్టుకోండి. నర్సమ్మ నడవమంటే మెల్లగా నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, జ్వరం, చీము, ఒక పిక్క వాపు కనిపించినా వెంటనే ఆసుపత్రికి రండి.

ఇక మీరు అడగండి. మైకులో అడగడానికి మొహమాటమైతే నేనే కిందికి వచ్చి మీ పక్కన కూర్చుంటాను.